మ్యాచ్ లేని రాత్రులకు అమెరికన్ ఫుట్‌బాల్ సినిమాలు: ఏది ముందు, ఏది వెనక

మూడేళ్ల కిందట మా క్లయింట్ మేనేజర్ ఒక మెయిల్ పెట్టింది. ఇన్సూరెన్స్ వాళ్లు రెండుసార్లు తిప్పికొట్టిన క్లెయిమ్ మీద మూడోసారి అప్పీలు వేస్తున్నాం. "ఇది హెయిల్ మేరీ" అని రాసింది. పాపం భక్తురాలు, మేరీమాతను తలుచుకుంటోంది అనుకుని నేను "ఆమెన్" అని జవాబిచ్చాను. ఆ రోజు కాల్‌లో అందరూ నవ్వుతూనే ఉన్నారు, ఎందుకో నాకు తెలీదు. తర్వాత టీమ్‌లో ఒకతను చెప్పాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట అయిపోవస్తోంది, ఇంకో దారి లేదు, బంతిని ఎంత దూరం పోతే అంత దూరం గాల్లోకి విసిరేసి దేవుడి మీద భారం వేస్తారు. దాని పేరు అది. 1975 డిసెంబరులో డాలస్ కౌబాయ్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) రోజర్ స్టౌబాక్ అలా విసిరి గెలిచాక, కళ్లు మూసుకుని హెయిల్ మేరీ అనుకున్నానని చెప్పాడట. అప్పట్నుంచీ ఆ మాట ఊరూవాడా పాకింది, చివరికి విజయనగరంలో నా ఇన్‌బాక్స్ దాకా వచ్చింది.

నేను కంటోన్మెంట్ వైపు మా ఇంట్లోనే కూర్చుని అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ చేస్తాను. సాయంత్రం ఆరున్నరకి లాగిన్, తెల్లవారుజామున మూడున్నరకి లాగౌట్. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సోమవారం కాల్‌లో మొదటి పది నిమిషాలూ ఆట గురించే. నేను మ్యూట్‌లో కూర్చునేవాణ్ణి. రూల్స్ వీడియోలు చూశాను, బుర్రకెక్కలేదు. సినిమాలతో ఎక్కింది. కాకపోతే తప్పు వరసలో మొదలుపెట్టి మూడు నెలలు పాడుచేసుకున్నాను. మొట్టమొదట పెట్టింది 1999లో వచ్చిన 'ఎనీ గివెన్ సండే'. రెండున్నర గంటల పైన సినిమా, అరుపులు, కెమెరా ఒక చోట నిలవదు. నలభై నిమిషాలకి తలనొప్పి వచ్చి ఆపేశాను. ఆట తెలిశాక మళ్లీ చూస్తే బాగానే ఉంది, ముఖ్యంగా అల్ పచీనో ఉపన్యాసం. కానీ అ ఆ లు రానివాడి చేతికి ప్రబంధం ఇచ్చినట్టు, దానితో మొదలుపెట్టకండి.

ముందు వెతకడం గురించి ఒక్క మాట. ఏ యాప్‌లోనైనా 'ఫుట్‌బాల్' అని కొడితే మెస్సీ వస్తాడు, రొనాల్డో వస్తాడు. మనకి కావాల్సింది చేత్తో పట్టుకుని పరిగెత్తే కోడిగుడ్డు ఆకారం బంతి. అందుకని సినిమా పేరే పూర్తిగా కొట్టండి. నెట్‌ఫ్లిక్స్ తీసిన సొంత సిరీస్‌లు దాంట్లోనే ఉంటాయి గానీ, మిగతా సినిమాలు ఇవాళ ఒక యాప్‌లో ఉంటే వచ్చే నెల ఇంకోదాంట్లో ఉంటాయి. డబ్బులు కట్టేముందు ఉందో లేదో చూసుకోండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి. టెక్సస్ వాళ్ల యాస నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది.

ఇక టైము. ఇది తెలిస్తే ఏ రోజు ఏది చూడాలో తేలిపోతుంది. ఎన్ఎఫ్ఎల్ (అక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్‌లు ఎక్కువగా వాళ్ల ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలవుతాయి, అంటే మనకి ఆదివారం రాత్రి పదిన్నర. తర్వాతి గుంపు రాత్రి ఒకటిన్నర, రెండు ఆ ప్రాంతంలో. వాళ్ల ఆదివారం రాత్రి మ్యాచ్ మనకి సోమవారం ఉదయం ఆరు కావస్తుండగా. వాళ్ల సోమవారం మ్యాచ్ మనకి మంగళవారం తెల్లారి. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి అక్కణ్ణుంచి అన్నీ మనకి ఇంకో గంట ఆలస్యం. మంగళవారం మ్యాచ్ అయిపోయిందంటే మళ్లీ శుక్రవారం ఉదయం దాకా సాధారణంగా ఏమీ ఉండదు. సినిమాలకి ఆ మూడు రాత్రులే మన చేతిలో ఉండేవి. (మా ఊళ్లో ఒక మినహాయింపు ఉంది. పైడితల్లి సిరిమాను ఉత్సవం కూడా మంగళవారమే. ఒక ఏడాది మ్యాచ్ మూడో క్వార్టర్‌లో ఉండగా గజపతినగరం చుట్టాలు పదకొండుమంది దిగారు. టీవీ రిమోట్ మళ్లీ నా చేతికి రాలేదు.)

సినిమా పెట్టేముందు ఒక్క రూలు చాలు, ఆ ఒక్కటీ నాకు మా నాన్నగారి వల్ల ఎక్కింది. ఆయన రిటైరైన డ్రిల్ మాస్టారు. వయసులో కబడ్డీ ఆడారు, తర్వాత ముప్పయ్యేళ్లు ఆడించారు. తెల్లారి అయిదుకి లేచే అలవాటు కాబట్టి సోమవారం మ్యాచ్ పెట్టుకుంటే వచ్చి పక్కన కూర్చునేవారు. మొదటి రోజు పావుగంట చూసి, "ఏట్రా ఇది? ఆడేది చిటికెడు, నిలబడేది బారెడు" అన్నారు. అందులో తప్పేం లేదు. మూడు గంటల మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది పదకొండు నిమిషాలేనని 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్కకట్టింది.

నేను చెప్పాను: బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ఛాన్సులు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు. వెళ్లకపోతే బంతి అవతలివాళ్లకి. ఆయన ఏమీ మాట్లాడకుండా లేచి, అమ్మ ముగ్గు పిండి డబ్బా పట్టుకుని వీధిలోకి వెళ్లారు. మా గేటు నుంచి పక్కింటి వేపచెట్టు దాకా అడుగులు కొలిచి రెండు గీతలు గీశారు. "కబడ్డీ కోర్టు వెడల్పు పది మీటర్లు. పది గజాలంటే తొమ్మిది మీటర్ల చిల్లర. అంటే నాలుగు కూతల్లో కోర్టుని అడ్డంగా దాటాలి, అంతేనా?" అన్నారు. అంతే. వీడియోలు నెలరోజులు చెప్పినా రానిది ఆ రెండు గీతల మధ్య నిలబడితే వచ్చింది. తొమ్మిది మీటర్లు చూడ్డానికి ఏమీ కాదు, ఎదురుగా పదకొండుమంది పట్టుకి కాచుకుని ఉంటే మాత్రం ఊరవతల ఉన్నట్టుంటుంది. వీలైతే మీరూ గీసి చూడండి. స్థలాల రేట్లు మాట్లాడుకునేటప్పుడు అనేది చదరపు గజం, ఇది మాత్రం పొడవు కొలిచే గజం. బంతితో అవతలి చివరి గీత దాటితే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, ఆ తర్వాత తన్నేదానికి 1, దూరం నుంచి గోల్ కర్రల మధ్యకి తన్నితే 3. మిగతాదంతా సినిమాలే నేర్పిస్తాయి.

మొదటి సినిమా 'ఫ్రైడే నైట్ లైట్స్', 2004లోది. రెండు గంటలు. టెక్సస్‌లో ఒడెస్సా అనే చమురు బావుల ఊరు, పర్మియన్ హైస్కూల్ జట్టు, 1988 సీజన్. జరిగిన కథే. దీన్ని ముందు పెట్టమనడానికి కారణం ఇందులో ఆట కంటే ఊరు పెద్ద పాత్ర. శుక్రవారం సాయంత్రం కొట్లు మూసి అందరూ స్టేడియంకి పోతారు. కోచ్ కనిపిస్తే ప్రతివాడూ ఆపి సలహా ఇస్తాడు. పదిహేడేళ్ల కుర్రాళ్ల మీద ఊరి పరువంతా మోపేస్తారు. ఊరి పందెం అంటే ఏమిటో తెలిసిన మనకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ముగింపు తెలిసిపోతే చూడలేనివాళ్లు ఈ పేరా దాటేయండి. లీగ్ దశలో మూడు జట్లు సమానంగా నిలుస్తాయి. ఎవరు ముందుకెళ్లాలన్నది బొమ్మా బొరుసా వేసి తేలుస్తారు. ముగ్గురు కోచ్‌లు మూడు నాణేలు ఎగరేస్తారు, ఎవరిది వేరుగా పడితే ఆ జట్టు ఇంటికి. సినిమా కోసం కల్పించింది కాదు, నిజంగానే అలా జరిగింది. ఆ సీను దగ్గర నాన్న పాజ్ నొక్కమన్నారు. ఒక ఏడాది డివిజన్ పోటీల్లో ఫైనల్ సగంలో వాన పడి కోర్టు బురదైపోతే, నిర్వాహకులు నాణెం ఎగరేసి అవతలి స్కూలుకి కప్పు ఇచ్చేశారట. "లారీ వెనక పిల్లలు ఒక్కడూ మాట్లాడలేదురా, ఊరొచ్చేదాకా" అన్నారు. ముప్పయ్యేళ్లలో ఈ కథ మాకు ఎప్పుడూ చెప్పలేదు. చివర్లో పర్మియన్ గెలవదు. గీతకి కాస్త ఇవతల ఆగిపోతుంది. నిజంగా వాళ్లు ఓడింది సెమీఫైనల్లో, డాలస్ కార్టర్ చేతిలో 14-9తో. సినిమావాళ్లు దాన్ని ఫైనల్ చేసి స్కోరు పెంచారు. ఓటమిని మాత్రం ఓటమిగానే ఉంచారు. అందుకే ఇది నాకు మొదటిది.

ఎందుకంటే ఈ రకం సినిమాలన్నిటికీ ఒక జబ్బు ఉంది. ఆఖరి సెకనులో గెలిపించకపోతే వాళ్లకి తోచదు. రెండో వారం 'రిమెంబర్ ద టైటన్స్' చూడండి, 2000లోది, డెంజెల్ వాషింగ్టన్. 1971లో వర్జీనియాలో స్కూళ్లు కలిపినప్పుడు నల్ల పిల్లలూ తెల్ల పిల్లలూ ఒకే జట్టులో ఆడాల్సి వచ్చిన కథ. చూడటానికి హాయిగా ఉంటుంది, ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. క్లైమాక్స్‌లో మాత్రం గోళ్లు కొరుక్కునేలా చేస్తారు. నిజానికి ఆ ఏడాది టైటన్స్ ఫైనల్ గెలిచింది 27-0తో, ఎక్కడా టెన్షన్ లేదు. సీజన్ మొత్తం మీద ఒక్క మ్యాచూ ఓడలేదు. అలాంటిదే 'రూడీ', 1993. నోట్రడామ్ యూనివర్సిటీ జట్టులో ఆడాలని కలగన్న పొట్టివాడు, 1975లో చివరి 27 సెకన్లు మైదానంలో అడుగుపెట్టడం. జట్టులో వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి కోచ్ బల్ల మీద జెర్సీలు పెట్టే సీను ఉంది చూడండి, అది కల్పితం. కల్పితమని తెలిసే రెండోసారి చూశాను. అయినా కళ్లు తుడుచుకున్నాను, అది వేరే సంగతి.

'ద బ్లైండ్ సైడ్' గురించి అందరూ చెప్తారు, 2009లోది, శాండ్రా బులక్‌కి ఆస్కార్ తెచ్చింది. నా సలహా, మొదటి అయిదు నిమిషాలు పాఠంలా చూడండి. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి ఒళ్లు తిప్పితే అతని ఎడమ వెనక వైపు అతనికి కనపడదు. అటునుంచి వచ్చేవాణ్ణి ఆపే లెఫ్ట్ టాకిల్‌కి అంత జీతం ఎందుకో 1985లో క్వార్టర్‌బ్యాక్ జో థైస్మన్ కాలు విరిగిన మ్యాచ్‌తో చెప్తారు. ఇంత తేటగా ఇంకెక్కడా చెప్పలేదు. మిగతా కథ, దిక్కులేని నల్ల కుర్రాణ్ణి డబ్బున్న తెల్ల కుటుంబం చేరదీయడం, ఇప్పుడు మింగుడుపడదు. ఆ కుర్రాడు మైకేల్ ఓహర్ 2023లో కోర్టుకెక్కి, వీళ్లు నన్ను దత్తత తీసుకోనేలేదు, నా వ్యవహారాల మీద అధికారం రాయించుకున్నారంతే అన్నాడు. ఆ కుటుంబం కాదంది. న్యాయమూర్తి మాత్రం ఆ ఏర్పాటుని అదే ఏడాది సెప్టెంబరులో రద్దు చేశారు. ఇది తెలుసుకుని చూస్తే సినిమాలో ఆ పిల్లాడు ఎంత తక్కువ మాట్లాడతాడో కనిపిస్తుంది.

మంగళ, బుధ, గురువారాల్లో షిఫ్టు మధ్య భోజనం టైముకి సినిమా పట్టదు. అక్కడ డాక్యుమెంటరీ సిరీస్‌లు పనికొస్తాయి. 'క్వార్టర్‌బ్యాక్' మొదటి సీజన్ 2023లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. మహోమ్స్, కజిన్స్, మారియోటా అనే ముగ్గురికి మైకు తగిలించి సీజనంతా వెంట తిరిగారు. టీవీలో మనకి కనపడని ఆ నిలబడే టైములో ఏం జరుగుతుందో ఇందులో వినపడుతుంది. కోచ్ చెప్పే ప్లే (ఎవరు ఎటు కదలాలన్న ఎత్తు) పేరు గూడ్సు బండిలా సాగుతుంది. అది హెల్మెట్‌లో స్పీకర్ ద్వారా విని, గుర్తుపెట్టుకుని, పదిమందికి అప్పజెప్పి, అవతలివాళ్ల వరసని చూసి కావాలంటే మార్చాలి. నలభై సెకన్ల గడియారం నడుస్తూనే ఉంటుంది, ఆఖరి పదిహేను సెకన్లలో కోచ్ గొంతు కట్ అయిపోతుంది. దీని తర్వాత నాన్న "నిలబడేది బారెడు" అనడం మానేశారు.

ఆయనకి మాత్రం నచ్చింది 'లాస్ట్ చాన్స్ యూ'. 2016లో మొదలైంది, మొదటి రెండు సీజన్లు మిసిసిపీలో స్కూబా అనే చిన్న ఊళ్లోని కాలేజీవి. మార్కులు రాకో, గొడవల్లో పడో పెద్ద యూనివర్సిటీలకి దూరమైన ఆటగాళ్లు అక్కడికొచ్చి ఇంకో అవకాశం కోసం ఆడతారు. కోచ్ నోరు మంచిది కాదు, పిల్లల ముందు పెట్టకండి. అసలు హీరో బ్రిటనీ వాగ్నర్ అని చదువు సంగతి చూసే ఆవిడ. క్లాసుకి పోతున్న కొండంత మనిషిని ఆపి "పెన్సిల్ ఉందా?" అని అడుగుతుంది. వాడి దగ్గర ఉండదు. నాన్న ఆ మాటకి తొడ చరుచుకుని నవ్వి, తర్వాత చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నారు. ఆయన స్టూడెంట్లలో మోకాలు పోయి ఆటా లేక, చదువూ లేక మిగిలినవాళ్లు కొందరున్నారు. ఇలాంటిదే 'అన్‌డిఫీటెడ్' అని మెంఫిస్ హైస్కూల్ జట్టు మీద ఒకటి ఉంది, 2012లో ఆస్కార్ తీసుకుంది. దొరికితే వదలొద్దు.

అమ్మని కూర్చోబెట్టాలంటే 'సిల్వర్ లైనింగ్స్ ప్లేబుక్'. ఆట రెండు నిమిషాలు కూడా ఉండదు. ఫిలడెల్ఫియా ఈగల్స్ పిచ్చి ఉన్న తండ్రిగా రాబర్ట్ డి నీరో, మ్యాచ్ జరుగుతున్నంతసేపూ రిమోట్లు ఒక పద్ధతిలో పేర్చి, చేతిలో రుమాలు పట్టుకుని, కొడుకు పక్కనుంటేనే గెలుస్తామని నమ్ముతుంటాడు. 2011 ప్రపంచకప్ ఫైనల్‌కి మా అమ్మ నన్ను మంచం పట్టె మీంచి లేవనివ్వలేదు. "వీడు నాలాంటోడే" అంది డి నీరోని చూసి.

'కన్‌కషన్' సీజన్ నడుస్తుండగా చూడకండి. 2015లోది, విల్ స్మిత్. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభయ్యేళ్లకే పోతే, శవపరీక్ష చేసిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు అతని మెదడులో ఏం చూశాడన్నదే కథ. తలకి పదేపదే తగిలే దెబ్బలతో మెదడు ఎలా పాడవుతుందో అర్థమయ్యాక, హెల్మెట్లు ఢీకొన్న చప్పుడు మునుపటిలా వినపడదు. మార్చిలో పెట్టుకోండి, సెప్టెంబరుకి కాస్త తేరుకుంటారు. మా మేనేజర్ది పిట్స్‌బర్గే. ఆ సినిమా చూశారా అని అడిగితే, "మా నాన్న చూడనివ్వలేదు" అంది. ఏప్రిల్ చివర్లో జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ జరుగుతుంది, ఆ వారానికి 'డ్రాఫ్ట్ డే' సరిపోతుంది. పెద్ద గొప్పదేం కాదు, ఫోన్లలో బేరాలే.

ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఎండాకాలం లాంటి ఖాళీ. దానికి 'ఫ్రైడే నైట్ లైట్స్' సిరీస్ దాచుకోండి. సినిమా పేరే, ఊరు మాత్రం డిల్లన్ అని కల్పించింది. 2006 నుంచి 2011 దాకా అయిదు సీజన్లు, 76 ఎపిసోడ్లు. వారానికి మూడు చొప్పున చూస్తే ఆగస్టుకి అయిపోతాయి. మొదటి ఎపిసోడ్‌లోనే ఊరు నెత్తిన పెట్టుకున్న క్వార్టర్‌బ్యాక్‌కి వెన్నెముక దెబ్బతింటుంది, అక్కణ్ణుంచి కథ. రెండో సీజన్‌లో ఒక హత్య గొడవ తెచ్చిపెట్టారు, చూసీ చూడనట్టు దాటేయండి. కోచ్ టేలర్, అతని భార్య వంటింట్లో నిలబడి పోట్లాడుకునే సీన్లు మాత్రం దాటేయొద్దు. ఒకళ్ల మాట మీద ఒకళ్లు మాట్లాడతారు, ఎవరూ డైలాగు చెప్పరు. వాళ్లని చూస్తూ అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీయడం ఆపేసేది. గొడవ తేలాకే మళ్లీ మొదలుపెట్టేది.

క్రిస్మస్‌కి సినిమా ఆలోచన పెట్టుకోకండి. 2024లో ఆ రోజు మ్యాచ్‌లు రెండు నెట్‌ఫ్లిక్స్‌లోనే ప్రపంచమంతా వచ్చాయి, మొదటిది మనకి రాత్రి పదకొండున్నరకి. సూపర్ బౌల్ (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్) ముందు రాత్రి కూడా అంతే, ఏదీ పెట్టకండి. ఫిబ్రవరి రెండో వారంలో సోమవారం ఉదయం అయిదుకి మొదలవుతుంది. ముందురోజు తొమ్మిదికి పడుకుని నాలుగున్నరకి లేవండి, సోమవారం షిఫ్టుకి సెలవు జనవరిలోనే అడిగిపెట్టుకోండి. హాఫ్ టైములో పాటలు జరుగుతుంటే మా ఇంట్లో చోడి అంబలి. నాన్న ముగ్గు పిండి డబ్బా ఆదివారం రాత్రే వరండాలో పెట్టుకుంటారు. ఆయన పడుకున్నాక అమ్మ దాన్ని తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనక దాచేస్తుంది.